మా మేనత్త చేతి సైలెంట్ ముద్ర

మా మేనత్త పొద్దున మెలకువ వచ్చిన వెంటనే కళ్ళు తెరిచేది కాదు. మంచం మీద అలాగే వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, హాజరు తీసుకునేది. చిన్నప్పుడు బడిలో పంతులుగారు పేరు పేరునా పిలుస్తుంటే పిల్లలు లేచి "ఉన్నానండీ" అనేవాళ్ళు కదా, అలా ఆ ఇంటి చుట్టుపక్కల సద్దులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆమె చెవిలో పలికి పోయేవి.

మొదట గోడలోని పైపులో నీళ్ళు గురగురమనేవి. తరువాత పై అంతస్తు మాస్టారి చెప్పులు, ఒక కాలు ఈడుస్తూ, మెట్లు దిగేవి. గుమ్మం ముందు పేపరు కట్ట దభీమని పడేది. వీధి ఊడ్చే ఆవిడ చీపురు ఈ చివర మొదలై ఆ చివరికి వెళ్ళేది. రొట్టెల కొట్టు షట్టరు గడగడా పైకి లేచేది. కిటికీ అవతల చెక్క మీద ఒక పిట్ట సూదిమొనలాంటి గొంతుతో నాలుగు కూతలు కూసేది. ఆఖరికి, కింద వాటాలో ఉండే దర్జీ ఆవిడ పొయ్యి మీద కెటిల్ ఈల వేసేది. మొత్తం ఏడు. ఏడూ పలికాక, "దేవుడా, అందరినీ లేపావు, నన్నూ లేపు" అనుకుని లేచి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ కింద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేది. పంతులుగారి హాజరుపట్టీ అలవాటు ఆమెను అరవై ఏళ్ళ దరిదాపుల దాకా వదల్లేదు.

"ఏడూ వినకుండా లేస్తే ఎవరింట్లోనో పడుకుని లేచినట్టుంటుందిరా" అనేది నాతో.

ఆమె ఒక్కతే ఉండేది. పెళ్ళి మాట నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ గుమ్మంలోంచే వెనక్కి మళ్ళింది. మధ్య అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు, ఒక కిటికీ. ఆ ఏడు సద్దులే ఆమెకు ఇంటిమనుషులని మేము పెద్దగా ఆలోచించలేదు. నెలకో, రెండు నెలలకో వెళ్ళి, ఒక పూట కూర్చుని వచ్చేవాళ్ళం.

కెటిల్ సంగతి కొంచెం చెప్పాలి. దర్జీ ఆవిడ ఒక్కతికి అంత పెద్ద కెటిల్ అక్కర్లేదు. అది ఇద్దరి కోసం ఉడికేది. ఈల వినగానే మా మేనత్త మొహం కడుక్కుని, తన కప్పు తను పట్టుకుని మెట్లు దిగేది. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని టీ తాగే అయిదు నిమిషాలూ మా మేనత్తకు రోజు మొత్తంలో మాటల వేళ. పిలవడం, రమ్మనడం ఏమీ ఉండేవి కావు. ఈలే పిలుపు.

ఆమె ఉద్యోగం ఫ్యాన్ల కంపెనీలో. ముప్పై ఒక్క ఏళ్ళు. ఒక షెడ్డులో తీగ చుడతారు, ఒక షెడ్డులో రేకులు కోస్తారు, ఒకచోట రంగు వేస్తారు. అన్నిటికీ వెనుక, బయటి చప్పుడు రాకుండా రెండు తలుపులున్న చిన్న గది ఒకటి ఉండేది. గోడలకు మందపాటి పరుపులు దిగ్గొట్టి ఉండేవి. లోపల ఒక స్టూలు, ఒక బల్ల, బల్ల మీద మోటారును నిలబెట్టే ఇనుప స్టాండు. రెక్కలు బిగించకముందు ప్రతి మోటారూ ఆ గదికి రావాలి. మా మేనత్త దాన్ని తిప్పి, జానెడు చెక్కపుల్ల ఒక కొన మోటారుకు, ఒక కొన చెవి ముందున్న ఎముకకు ఆనించి, ఒక నిమిషం వినేది. గదిలో గడియారం ఉండకూడదు, టిక్కుటిక్కుమంటుంది కాబట్టి. అందుకని మనసులో దేవుడి పేరు అరవైసార్లు అనుకునేది. "నిమిషానికి అరవై చొప్పున రోజుకు ఎన్నయ్యాయో ఆయనే చూసుకుంటాడు, నాకు రెండు పనులూ ఒకేసారి అయిపోతున్నాయి" అని నవ్వేది.

ఆ గది కోసం ఆమె చాలా వదులుకుంది. గాజులు వేసుకునేది కాదు. కొత్త బట్టలు గరగరలాడతాయని, ఇరవైసార్లు ఉతికి మెత్తబడితే గాని పనికి కట్టుకునేది కాదు. చూసినవాళ్ళు పాపం ఉన్నవి ఇవేనేమో అనుకునేవారు. ఆకలి వేసినా వేయకపోయినా తిని వెళ్ళేది. "కడుపు అరిస్తే మోటారుకు చెడ్డపేరు వస్తుందిరా" అనేది.

బేరింగులో గ్రీజు చాలకపోయినా, గుండు ఒకటి గీరుకుపోయినా సన్నగా కీచుమంటుంది. తీగ వదులైతే జుమ్మంటుంది. ఏ తప్పూ లేకపోతే మోటారుకు కట్టిన చీటీ మీద రబ్బరు ముద్ర వేసేది. ఆ ముద్ర మీద ఉన్నది ఒకటే మాట, సైలెంట్. కంపెనీలో అందరూ ఆమెను సైలెంటమ్మ అనేవారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఆ మాట గురించి ఆమెకు కొన్ని అభిప్రాయాలుండేవి. "పెళ్ళివాళ్ళు వచ్చినప్పుడు మా అమ్మ, 'మా అమ్మాయి చాలా సైలెంటండీ' అనేది. అది మెప్పు. నీకు చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు మీ అమ్మ, 'పిల్లాడు పొద్దుట్నుంచి సైలెంట్‌గా ఉన్నాడు వదినా' అని ఏడ్చింది. అది భయం. మా సూపర్‌వైజర్, 'ఈ విషయం సైలెంట్‌గా ఉంచండి' అంటాడు. అది దొంగతనం. మాట ఒకటే, కడుపులో ఏముందో చూసుకోవాలి" అనేది. మోటారు సంగతి అడిగితే గొంతు మారేది. "సైలెంట్ అంటే ఏమీ వినబడకపోవడం కాదురా. చచ్చిన మోటారూ ఏమీ వినిపించదు, దానికి ముద్ర వేస్తానా? ఉండాల్సిన సద్దు ఉండి, ఉండకూడనిది లేకపోవడం. ఆరోగ్యంగా ఉన్నవాడు పక్క గదిలో నిద్రపోతుంటే ఎలా ఉంటుంది, అలా."

ఒక ఏడాది వానలు మొదలైన వారంలో పిట్ట హాజరు ఇవ్వలేదు.

రెండు రోజులు ఎదురుచూసింది. వానలకు ఎటో వెళ్ళిపోయి ఉంటుందిలే అనుకుంది. క్యాలెండర్‌లో చుక్క పెట్టడం ఆగిపోయింది. ఏడు పలికితేనే కదా చుక్క. ఆరుతో లేవడం అలవాటు చేసుకుంది.

మరో రెండు నెలలకు కెటిల్ మానేసింది.

దానికి మాత్రం ఆమె కారణం వెతుక్కుంది. వెతికితే దొరికింది కూడా. అంతకు ముందు వారమే దర్జీ ఆవిడ మిషను కుడుతుంటే విని, "నీ మిషనులో బాబిన్ దగ్గర ఏదో అరిగింది, గీరుతోంది. పాపం దాన్ని అలా ఏడిపించకు, మార్పించు" అంది. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "నా మిషనుకు నీ ముద్ర అక్కర్లేదులే అక్కా" అంది. నవ్వుతూనే అంది. కానీ ఈల ఆగిపోయాక ఆ నవ్వు మా మేనత్తకు వేరేలా గుర్తొచ్చింది. వాళ్ళమ్మ ఇచ్చిన మిషనట. మనసు నొచ్చుకుని ఉంటుంది. టీకి రావద్దని మొహాన చెప్పలేక కెటిల్ పెట్టడం మానేసి ఉంటుంది.

అయినా రోజూ మొహం కడుక్కుని, కప్పు చేత్తో పట్టుకుని, మంచం అంచున కూర్చునేది. కాసేపు చూసి, కడిగిన కప్పునే మళ్ళీ కడిగి బోర్లించి, మంచినీళ్ళు తాగి పనికి బయల్దేరేది. మెట్ల కింద దర్జీ ఆవిడ గుమ్మం. లోపల ఆవిడ నోటినిండా గుండుసూదులతో వంగి ఉండేది. చూస్తే "ఊఁ" అని తల ఆడించేది. గుండుసూదులు నోట్లో పెట్టుకున్న మనిషి అంతకన్నా ఏమంటుంది? మా మేనత్తకు ఆ "ఊఁ" చాలా చల్లగా తగిలేది.

అలా రెండు నెలలు. ఆ రోజుల్లోనే నేను మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. పిల్ల ఏదో చెబుతుంటే, "నోట్లో నానబెట్టుకుని మాట్లాడకు, విప్పి మాట్లాడు" అని విసుక్కుంది. ఆమె పిల్లలను విసుక్కోగా నేను అంతకు ముందు చూడలేదు. వయసు మీద పడుతోంది అనుకున్నాను. అంతే అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. వచ్చేస్తుంటే తలుపు దగ్గర నిలబడి, "ఈ వీధిలో మనుషులు మునుపటిలా లేరురా, ఎవరికి వాళ్ళు గొణుక్కుంటున్నారు" అంది. ఆ మాట కూడా చెవిన వేసుకోలేదు.

కంపెనీకి ఉత్తరం వచ్చింది ఆ తరువాతే. సూపర్‌వైజర్ ఆ రెండు తలుపులూ తీసి లోపలికి వచ్చాడు.

"అమ్మా, ఆసుపత్రివాళ్ళు రాశారు. ఆడవాళ్ళ వార్డుకు పంపిన ఫ్యాన్లు కీచుమంటున్నాయట."

"ముద్ర చూశారా?"

"చూడకేం? ఈ కంపెనీలో ఆ ముద్ర వేసేది మీరొక్కరేగా. రెండు మోటార్లు విప్పి పంపించారు. మీరే వినండి."

ఆయన వినడానికి లేదు. రేకుల షెడ్డులో ఇరవై ఏళ్ళు చేసి చెవులు అక్కడే అప్పజెప్పి వచ్చినవాడు. కంపెనీలో సగంమంది అంతే. అందుకే ఆమె చెవి మీద అందరికీ అంత గురి.

ఆమె పుల్ల ఆనించి విన్నది. అరవై అయ్యాయి. ఇంకో అరవై అనుకుంది.

"శుభ్రంగా ఉన్నాయి. చెవులు చూపించుకోమనండి, ఎలాగూ ఆసుపత్రిలోనే ఉన్నారుగా."

సూపర్‌వైజర్ నవ్వి, వెంటనే మానేశాడు. "మేనేజరుగారు ఊరుకోవడం లేదమ్మా. గ్రీజు సరిగా పెట్టడం లేదని గ్రీజన్నను నెలాఖరుకు పంపించేస్తారట."

గ్రీజన్న అంటే బేరింగులకు గ్రీజు నింపే పెద్దాయన. మా మేనత్తకన్నా ముందు చేరినవాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతిలోంచి ఈమె చెవిలోకి మోటార్లు వస్తున్నాయి. ఇద్దరూ రోజుకు పది మాటలు కూడా మాట్లాడుకునేవారు కాదు గాని, ఆయన ఎప్పుడైనా జ్వరంతో వస్తే ఆ సంగతి ఆమెకు మోటార్లే చెప్పేవి. అంత ఎరుక.

"ఆయన గ్రీజులో లోపం లేదు" అంది.

"మీరంటే సరిపోతుందా?"

"నేనే వెళ్తాను ఆసుపత్రికి. అక్కడే వింటాను. కీచు లేదని వాళ్ళ మొహం మీదే చెప్పి వస్తాను. ఆయన్ను మాత్రం ఏమీ అనకండి."

మర్నాడు మధ్యాహ్నం ఆమె, సూపర్‌వైజర్ ఇద్దరూ బస్సులో వెళ్ళారు. వార్డులో పన్నెండు ఫ్యాన్లు, అన్నీ ఆపి ఉన్నాయి. ఉక్కగా ఉంది. మంచాల మీదివాళ్ళు మందుల అట్టముక్కలతో విసురుకుంటున్నారు. ఒకామె తన పక్కనున్న స్టూలు మీది గిన్నె తీసి, "కూర్చోమ్మా, బస్సులో నిలబడి వచ్చినట్టున్నావు" అంది. నర్సు వచ్చింది.

"వెయ్యమ్మా" అంది మా మేనత్త. కళ్ళు మూసుకుని చెవులు రిక్కించింది. గాలి కదిలింది. రెక్కల బరువు చప్పుడు తెలిసింది. దాని కింద నెమ్మదిగా, నిండుగా, మంచి మోటారు సద్దు. మనసులో కుదుటపడింది. అరవై అయ్యాక, "చూశావా, ఏముంది ఇందులో?" అంటూ కళ్ళు తెరిచింది.

తెరిచేసరికి వార్డు మొత్తం మొహం చిట్లించి ఉంది. ఎదురు మంచం మీది ముసలామె కనురెప్పలు గట్టిగా బిగించింది. బాలింత ఒకామె పసిబిడ్డ చెవి మీద చెయ్యి అడ్డం పెట్టింది. స్టూలు ఇచ్చినామె మెడ భుజాల్లోకి ముడుచుకుంది. నర్సు స్విచ్చి కట్టేసింది. అంతమంది భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి.

మా మేనత్త, "ఇంకోసారి వెయ్యమ్మా" అంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. నర్సు చెయ్యి స్విచ్చి మీద పడగానే మొహాలన్నీ ముడుచుకున్నాయి. ఎవరూ ఎవరినీ చూసి చేసింది కాదు.

ఎదురు మంచం దగ్గరికి వెళ్ళి ముసలామె చెయ్యి పట్టుకుంది.

"ఎలా ఉంటుందమ్మా ఆ కూత?"

"ఎలా ఉంటుందేమిటి తల్లీ, నీకు వినబడటం లేదా? పొయ్యి మీద కెటిల్ ఉడికినట్టు. ఎవరూ వచ్చి దించరు."

ఆ మాటతో మా మేనత్త అక్కడే మంచం కోడు పట్టుకుని నిలబడిపోయిందట. తరువాత నాతో చెప్పింది, "పిట్ట ఎటూ పోలేదురా, కెటిలూ మానలేదు. నేనే పోయాను" అని.

తిరుగు బస్సులో సూపర్‌వైజర్‌కు విషయం అర్థమైంది. చెడ్డవాడు కాదు. ఆమె టికెట్టు కూడా తనే తీసుకున్నాడు. మొదట మెల్లగా, మళ్ళీ ఆమెకు వినబడదేమోనని గట్టిగా అన్నాడు.

"అమ్మా, మీ రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలే. ఈ ఎనిమిది నెలలూ సైలెంట్‌గా ఉండండి. మోటార్లు నేను ఇంకెవరిచేతైనా చాటుగా వినిపిస్తాను. గ్రీజన్నకు కొడుకులున్నారు, చూసుకుంటారు. మీకెవరున్నారు?"

అది దయతో అన్న మాటే. మా మేనత్తకు అదీ తెలుసు. అందుకే బదులు చెప్పడం మరీ కష్టమైంది. ఆ గది పోతే ఆమెకు మిగిలేదేమిటి? ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమెను ఎవరైనా నమ్మారంటే ఆ చెవిని నమ్మారు.

మర్నాడు పొద్దున హాజరు తీసుకుంది. పైపు పలికింది. మాస్టారి చెప్పులు పలికాయి. పేపరు పడింది. చీపురు ఎక్కడో పక్క వీధిలో ఊడుస్తున్నట్టుగా ఉంది. షట్టరు లేచింది. అయిదు. ఇక ఆగి, ఎప్పుడూ చేయని పని చేసింది. పడుకునే కళ్ళు తెరిచి, లేచి, చప్పుడు కాకుండా కిటికీ రెక్క తోసి చూసింది.

చెక్క మీద పిట్ట ఉంది. బూడిదరంగు, బొటనవేలంత. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని కళ్ళతో చూడటం అదే మొదలు. ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గొంతు కింద మెత్తటి ఈకలు ఉబ్బి ఉబ్బి దిగుతున్నాయి. నాలుగుసార్లు. ఏమీ వినబడలేదు.

"నువ్వు ఉన్నావు, నీ పేరు నేను కొట్టేశాను" అంది పిట్టతో. తరువాత గోడ మీది క్యాలెండర్ తీసి, చుట్టి, చంకలో పెట్టుకుని బయల్దేరింది.

మేనేజరు బల్ల మీద మొదట రబ్బరు ముద్ర పెట్టింది, పక్కన చెక్కపుల్ల పెట్టింది, క్యాలెండర్ విప్పి పరిచింది.

"ఈ చుక్కలు ఎక్కడ ఆగాయో చూడండి. నాలుగు నెలలయింది. ఆ తేదీ నుంచి నేను వేసిన ముద్ర ఏదీ చెల్లదు. అన్నీ మళ్ళీ వినాలి. గ్రీజన్న తప్పు ఏమీ లేదు. చెవి పోయింది నాకు."

మేనేజరు క్యాలెండర్ వైపు, ఆమె వైపు చూశాడు. "ఈ చుక్కలేమిటమ్మా?"

"అది నా సొంత సంగతిలెండి. తేదీ మాత్రం ఖాయం."

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"నాకూ మొన్నటిదాకా తెలియలేదండి. తెలిశాక ఎలా కూర్చోను ఆ గదిలో?"

ఆయన లేచి నిలబడి, ఆమె కోసం తలుపు తనే తీశాడట. రెండు రోజులు ఇంటి దగ్గర ఉండమన్నాడు.

తరువాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. మోటార్లన్నీ మళ్ళీ విన్నారు. రంగుల షెడ్డులోంచి మంచి చెవులున్న ఆడవాళ్ళను ముగ్గురిని తెచ్చి ఆ గదిలో కూర్చోబెట్టారు. కొత్తగా కొన్న బేరింగుల్లోనే లోపమని తేలింది. గ్రీజన్న పని గ్రీజన్నకు ఉంది. వార్డుకు వేరే ఫ్యాన్లు వెళ్ళాయి. పెట్టెలు తిరిగి విప్పుతుంటే ఎవరూ గొణగలేదట, సూపర్‌వైజర్ తనే చొక్కా చేతులు మడిచి మోశాడట. మా మేనత్తను ప్యాకింగు షెడ్డుకు మార్చారు, చీటీలు కట్టే పని. ఆ గోలలో మధ్యాహ్నం అన్నం దగ్గర గ్రీజన్న వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. "నా గొంతు మీకు సరిపోతుందిలెండి, లోపలంతా గ్రీజే" అనేవాడు. ముప్పై ఏళ్ళలో మాట్లాడనివన్నీ ఆ ఎనిమిది నెలల్లో మాట్లాడాడు. మిగతావాళ్ళు కూడా మంచిగానే ఉండేవారు. అందరూ ఆమెతో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ గట్టితనానికే ఆమె కొన్నిసార్లు తల దించుకునేది.

కానీ ఆ రోజు ఇంకా ఇదేమీ జరగలేదు. క్యాలెండర్ లేని చేత్తో, పట్టపగలు, పని వేళలో ఆమె ఇంటికి నడిచి వచ్చింది. పైకి వెళ్ళింది. గోడ మీద మేకు మాత్రం ఉంది. కాసేపు మంచం అంచున కూర్చుంది. తరువాత కప్పు తీసుకుని మెట్లు దిగింది.

దర్జీ ఆవిడ చూసింది. నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. అన్నీ తీసేదాకా మాట్లాడలేదు, తీశాక ఆగలేదు.

"ఏం అక్కా, దారి తప్పావా?"

"కప్పు తెచ్చుకున్నాను."

"కప్పు తెస్తే సరా? రెండు నెలలు. వెనక నుంచి అక్కా అక్కా అని పిలిస్తే తల తిప్పకుండా మెట్లు ఎక్కిపోయావు. ఏం చేశాను నేను? నీ ముద్ర అక్కర్లేదన్నానని అంత కోపమా? వేళాకోళానికి కూడా నీ పర్మిషన్ కావాలా?"

"కోపం నీకనుకున్నాను."

"నాకా? అరిగిందన్నావు కదా అని మిషను బాగుచేయించాను కూడా. నువ్వు విని చెబుతావని రోజూ నీళ్ళు పెట్టాను. కెటిల్ గొంతు చించుకుంది గాని నువ్వు దిగితేనా? రొట్టెల కొట్టు ఆయన కూడా, 'మీ రైలు కూసింది, ప్యాసింజరు రాలేదా అమ్మా' అంటున్నాడు."

మా మేనత్త గుమ్మంలో తన చోటులో కూర్చుంది.

"ఒకసారి పెట్టు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేను చూడాలి."

ఆవిడ కెటిల్ నింపి పొయ్యి మీద పెట్టింది. ఇద్దరూ దానివైపే చూస్తూ కూర్చున్నారు. మూత కొంచెం కదిలింది. ముక్కులోంచి ఆవిరి మొదట వంకరగా, తరువాత నిలువుగా వచ్చింది. ఆవిడ దించబోతే మా మేనత్త మణికట్టు పట్టుకుంది.

"కూస్తోందా?"

"కూస్తోంది అక్కా."

"ఇప్పుడూ?"

దర్జీ ఆవిడ ఆమె మొహంలోకి చూసింది. చూసి, ఇక దించడానికి ప్రయత్నించలేదు. గదంతా ఆవిరి కమ్ముకునేదాకా దాన్ని అలాగే కూయనిచ్చింది. "ఇప్పుడూ కూస్తోంది" అంది, గట్టిగా కాదు, మామూలుగా, మొహంలో మొహం పెట్టి. తరువాత టీ పోసింది. చీరచెంగుతో కళ్ళు తుడుచుకుని, ఆవిరి తగిలిందన్నట్టు కెటిల్‌ను తిట్టింది.

"అయితే రెండు నెలలు నీ మీద పెట్టుకున్న కోపమంతా దండగేనన్నమాట. కష్టపడి పెట్టుకున్నాను తెలుసా!"

మా మేనత్త నవ్వింది. టీ సగం తాగాక ఆసుపత్రి, మేనేజరు, ముద్ర, అన్నీ చెప్పింది. చెప్పి, కప్పు కింద పెట్టి, పైకప్పు వైపు చూసింది. తన మంచం సరిగ్గా ఆ పైనే ఉంటుంది. మూలనున్న చీపురుకర్ర చూసింది.

"నిన్నొకటి అడగనా? కాదంటే అనుకోను."

"అడుగు."

"లావు చప్పుళ్ళు నాకింకా వినబడుతున్నాయి. సన్నవే పోయాయి. రేపటి నుంచి కెటిల్ కూశాక, ఆ కర్రతో ఇదిగో, ఈ దూలం పక్కన రెండుసార్లు పైకి తట్టు. నాకు మంచంలోకి తెలుస్తుంది. దిగుతాను."

"ఇంతేనా? తడతాను. మాస్టారు తన అంతస్తులో భూకంపం వచ్చిందనుకుంటే నువ్వే చెప్పుకోవాలి."

"ఇంకొకటి" అంది మా మేనత్త. ఆ ఒకటీ అడగడానికి కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నా కిటికీ దగ్గర ఒక పిట్ట ఉంది. నీకు ఇక్కడికి వినబడుతుంది కదా? అది కూసిన రోజు ఇంకొక దెబ్బ ఎక్కువ వెయ్యి. నేను కళ్ళు తెరవకముందే వెయ్యాలి సుమా."